'పుట్టకముందు' అని అడగడం తప్పా?

పోయిన నెల ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో విశ్వం పుట్టుక మీద ఒక ఉపన్యాసం జరిగింది. మన క్లాసు నుంచి నలుగురం వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాం. విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్ళని చెప్పారు. ప్రశ్నలుంటే అడగమన్నప్పుడు నేను లేచి, "అంతకుముందు కాలం ఉండిందా సార్?" అన్నాను. హాల్లో నవ్వులు. ముందు వరసలో ఎవరో "అధికప్రసంగి" అన్నారు. ఉపన్యాసం ఇచ్చినాయన కూడా నవ్వి, "ముందు అనేదే లేదమ్మా" అని ఇంకొకరి ప్రశ్నకి వెళ్ళిపోయారు.

బయటికొచ్చాక మాలో మాకే వాదన. "సాహిత్యం చదివేవాళ్ళకి ఇదంతా ఎందుకే?" అంది ఒక స్నేహితురాలు. "ఇవన్నీ మనవాళ్ళు వేదాల్లో ఎప్పుడో చెప్పేశారు" అంది ఇంకొకామె. నాకు ఈ రెండు మాటలూ నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట మనకి తెలిసిన భాష నుంచే చూద్దాం. 'ఇంటి ముందు ముగ్గు' అంటే చోటు. 'పండగ ముందు రోజు' అంటే గడిచిన కాలం. 'ముందుముందు ఏమవుతుందో' అంటే రాబోయే కాలం. ఒకే మాట మూడు పనులు చేస్తోంది. ఈ ఊళ్ళో మనం రోజూ వినే తమిళంలో 'పిన్నాడి పాక్కలాం' అంటే తర్వాత చూద్దాం అని. అంటే వాళ్ళకి వెనక ఉన్నది రేపు. మనం 'వెనకటి రోజులు' అంటే పాతకాలం. చాలా భాషల్లో కాలానికి చోటు మాటల్నే అరువు తెచ్చుకుంటున్నాం. అందుకే కాలం ఒక పొడుగాటి వీధి, విశ్వం ఆ వీధిలో ఎక్కడో కట్టిన ఇల్లు అన్నట్టు తోస్తుంది. ఇల్లు కట్టకముందు అక్కడ ఖాళీ స్థలం ఉండాలి కదా అని అడుగుతాం.

ఆ వీధి బొమ్మ సరికాదని 1915లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం చూపించింది. కాలం, స్థలం కలిసే ఉంటాయి. బరువైన వస్తువు దగ్గర కాలం నడక నెమ్మదిస్తుంది. దీనికి సాక్ష్యం మన చేతిలోనే ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలున్న ఎత్తులో భూమి ఆకర్షణ తక్కువ కాబట్టి అక్కడి గడియారాలు తొందరగా నడుస్తాయి. ఉపగ్రహం వేగం వల్ల కొంచెం నెమ్మదిస్తాయి. రెండూ లెక్కేస్తే నేల మీది గడియారాల కంటే రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుంటాయి. ఆ తేడా సరిచేయకపోతే ఫోన్‌లో మ్యాప్ మనల్ని ఇంకెక్కడికో తీసుకుపోతుంది. చోటుని బట్టి, వేగాన్ని బట్టి మారేదైతే కాలం కూడా విశ్వంలో ఒక భాగమే. అలాంటప్పుడు అది విశ్వంతో పాటే మొదలై ఉండవచ్చు. బిగ్‌బ్యాంగ్‌కి ముందు ఏముందని అడగడం ఉత్తర ధ్రువానికి ఉత్తరాన ఏముందని అడగడం లాంటిదని స్టీఫెన్ హాకింగ్ అనేవారు. ఉపన్యాసంలో ఆయన అన్న 'లేదమ్మా' వెనక ఇంత ఉంది. ఆ రెండు నిమిషాలు చెప్పి ఉంటే బాగుండేది.

ఈ ఆలోచన సైన్సుతోనే రాలేదు. సుమారు 1600 ఏళ్ళ కింద సెయింట్ అగస్టీన్‌ ముందుకీ ఇదే ప్రశ్న వచ్చింది: లోకాన్ని సృష్టించకముందు దేవుడు ఏం చేస్తుండేవాడు? ఇలా అడిగేవాళ్ళ కోసం నరకం తయారుచేస్తుండేవాడని అప్పటికే ఒక హాస్యం ఉండేదట. అగస్టీన్ ఆ హాస్యంతో తప్పించుకోనని రాసి, లోకంతో పాటే కాలమూ సృష్టి అయింది, కాబట్టి 'అప్పుడు' అనేదే లేదు అని ఓపిగ్గా వివరించాడు.

అయితే 'లేదు' అని అంత గట్టిగా చెప్పడానికి కూడా వీల్లేదు. లెక్కల్ని వెనక్కి నడిపిస్తూ పోతే మొట్టమొదటి క్షణం దగ్గర ఐన్‌స్టీన్ సమీకరణాలే పనిచేయవు. అక్కడ ఏం జరిగిందో చెప్పే పూర్తి సిద్ధాంతం ఇంకా రాలేదు. మన విశ్వానికి ముందు ఇంకొక విశ్వదశ ఉండిందని రోజర్ పెన్‌రోజ్ వాదిస్తారు. చాలామంది శాస్త్రవేత్తలు దాన్ని ఒప్పుకోరు. తలుపు మాత్రం పూర్తిగా మూసుకోలేదు.

ఇక వేదాల మాట. పురాణాల లెక్కలో బ్రహ్మకి ఒక పగలు 432 కోట్ల ఏళ్ళు. ప్రతి సృష్టికీ ముందు ఒక ప్రళయం, దానికి ముందు ఇంకో సృష్టి. అక్కడ 'ముందు' ఎప్పుడూ ఉంటుంది. ఇది బిగ్‌బ్యాంగ్ చెప్పేది కాదు, వేరే ఊహ. రెండింటినీ ఒకటే అంటే రెండింటికీ అన్యాయం. ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తమైతే సృష్టి ఎలా వచ్చిందో పైనుంచి చూసేవాడికైనా తెలుసో తెలియదో అనే సందేహంతో ముగుస్తుంది. మనవాళ్ళు చెప్పేశారని మనం అంటుంటే, వాళ్ళు అడిగి వదిలేశారు. ఆ సూక్తం మొదటి వాక్యంలోనే 'అప్పుడు' అనే అర్థమిచ్చే మాట ఉంది. ఏమీ లేదని చెప్పడానికి కూడా ఆ ఋషికి కాలం మాట కావలసి వచ్చింది.

మన వ్యాకరణంలో తద్ధర్మం ఉంది. 'నిప్పు కాల్చును' అంటే నిన్న, నేడు, రేపు అనే లెక్క లేదు. కానీ 'కాలం లేదు' అనే సంగతిని ఆ విధంగా చెప్పి చూడండి. 'అప్పుడు కాలం లేదు' అనే వస్తుంది. 'అప్పుడు' అనగానే కాలం లోపలికి వచ్చేసింది. మాట ఎక్కడ ఆగిపోతుందో గమనించడం మన చదువే కదా! అందుకే ఈ ప్రశ్న సాహిత్యం వాళ్ళది కాదంటే ఒప్పుకోను.

నా అభిప్రాయం అడిగితే, కాలం విశ్వంతోనే మొదలైందన్న వైపే మొగ్గుతాను. జీపీఎస్ గడియారాల సంగతి చదివాక ఆ వీధి బొమ్మని నమ్మడం కష్టమైంది. రేపు ఎవరైనా సరైన కారణం చూపిస్తే మార్చుకుంటాను. నవ్వితే మాత్రం మార్చుకోను.

చిన్నప్పుడు మా అవ్వ 'అనగనగా ఒక రాజు' అనగానే, రాజుకి ముందు ఎవరని అడిగేదాన్ని. వాళ్ళ నైనా అనేది. ఆయనకి ముందు? వాళ్ళ తాత. ఆయనకి ముందు? "నాకు తెలీదే బంగారూ, నువ్వు చదువుకుని నాకు చెప్పు" అనేది. ఊ కొట్టమని కసిరింది కానీ అడగవద్దని ఒక్కరోజూ అనలేదు. వచ్చే ఉపన్యాసానికి మళ్ళీ పోతున్నాను. ఎవరైనా తోడు వస్తారా? ఈసారి ముందు బెంచీలో కూర్చుందాం.