తేలే ఇటుక, తేలని అనుమతి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ పెద్దలకు పురపాలక సంఘం బిల్డింగు ఇన్‌స్పెక్టరుతో పని పడలేదు కాబోలు. పడివుంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా చేరేది.

మా మిత్రుడొకాయన ఈమధ్య కాల్చని ఇటుకతో ఇల్లు తలపెట్టాడు. మట్టిలో తగుపాటి ఇసుకా, నూటికి అయిదు నుంచి పది పాళ్ళు సిమెంటూ కలిపి, మరలో గట్టిగా అదిమి, మూడు నాలుగు వారాలు తడుపుతూ వుంచితే తయారయ్యే ఇటుక అది. దానికి బట్టీతో పని లేదు, బొగ్గుతో పని లేదు. ఇన్‌స్పెక్టరుగారు మచ్చు ఇటుకను అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏమండీ, ఇది మట్టి గదా?"

"మట్టేనండీ. బట్టీ ఇటుక మాత్రం దేంతో చేస్తారు?"

"అది కాల్చిన మట్టి, ఇది పచ్చిమట్టి. రేపు వానకు నాని కూలితే అడిగేది మిమ్మల్ని కాదు, నన్ను!"

నవ్వొచ్చినా, ఆ ఆఖరి మాటను కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. గోడ కూలితే దాని పక్కన పడుకున్న పిల్లల మీదనే కూలుతుంది. అనుమానించడం ఆయన ధర్మం. తీర్చుకునే దారి వుండగా అనుమానం దగ్గరే ఆగిపోవడం మాత్రం ధర్మం కాదు.

దారి వుంది. ఇలాంటి మట్టి దిమ్మెలకు భారతీయ ప్రమాణం 1725 అని ఒకటి వుంది. దాన్ని 1982లోనూ, 2013లోనూ సవరించారు. 1970లో మొదట వెలువడిన జాతీయ భవన నిర్మాణ నియమావళి కూడా, తాను పేర్కొనని సామగ్రి అయినా సరే, తగినదని రుజువై అధికారి ఆమోదం పొందితే అడ్డు చెప్పదు. రుజువంటే ఉపన్యాసం కాదు. ఇటుకను నానబెట్టి ఎంత నీరు తాగిందో తూచాలి. మరలో పెట్టి ఎంత ఒత్తిడికి పగులుతుందో చూడాలి. బట్టీ ఇటుకకూ ఈ పరీక్ష తప్పదు. మామూలు ఇటుక మూడు కిలోలుంటే, 24 గంటలు నానినా ఆరువందల గ్రాములకు మించి నీరు తాగకూడదు.

మా మిత్రుడు మొదట వాదించాడు. పర్యావరణమన్నాడు, తాతలనాటి మట్టిమిద్దెలన్నాడు. ఫైలు అంగుళం కదల్లేదు. తరవాత వాదన మాని, తన ఇటుకలనే పరీక్షకు పంపి, ఆ ఫలితమూ, ప్రమాణం ప్రతీ, ఇంజనీరు సంతకమూ జతచేసి ఇచ్చాడు. అప్పుడు ఇన్‌స్పెక్టరుగారు రెండే ప్రశ్నలు వేశారు: నేలలోని తేమ గోడకు పాకకుండా ఏం చేస్తున్నారు? వానజల్లు గోడను కొట్టకుండా చూరు ఎంత దించుతున్నారు? రెండూ అడగవలసిన ప్రశ్నలే. వాటి జవాబులు ప్లానులోకి ఎక్కాయి, కింద సంతకమూ పడింది. ఆయనకు మొదటినుంచీ కావలసింది రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కాగితం.

1213 నాటి రామప్పగుడి శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళలో వేస్తే తేలుతుంది. పైబరువు తగ్గడానికే అంత తేలిక ఇటుక చేశారు. "తేలేది ఇటుకెలా అవుతుందయ్యా?" అని రేచర్ల రుద్రుణ్ణి ఎవరైనా ఆపివుంటే, 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చడానికి పాలంపేటలో ఆ గుడే వుండేది కాదు. అలాగని, ఆ ఇటుకను పరీక్షించకుండానే శిల్పులు శిఖరమెక్కించారంటే నమ్మగలమా?

కనుక కొత్తరకం ఇల్లు కట్టదలచినవారికి ఒక్క మనవి. శంకుస్థాపనకు ముహూర్తం పెట్టించకముందే ఇటుకకు పరీక్ష పెట్టించండి.