ర్యాంకు చూసి సంతకం పెట్టకండి

నైజీరియాలోని లాగోస్‌లో ఉద్యోగం వచ్చిందని సామాన్లు సర్దుకుంటున్నవారు, హైదరాబాద్ నుంచి ఆఫ్రికాకు మందులు అరువు మీద పంపుతున్నవారు వెంటనే గమనించాలి. 'ఆఫ్రికాలో అతిపెద్ద ఆర్థిక వ్యవస్థ' అన్న మాటను నమ్ముకుని ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకండి.

2014 ఏప్రిల్‌లో నైజీరియా ఒక్క ప్రకటనతో దక్షిణాఫ్రికాను దాటేసింది. అప్పటిదాకా సుమారు 27 వేల కోట్ల డాలర్లుగా ఉన్న 2013 జీడీపీ అంచనా దాదాపు 51 వేల కోట్లయింది. కొత్తగా చమురు పడలేదు, ఫ్యాక్టరీలు లేవలేదు. లెక్కకు ఆధార సంవత్సరాన్ని 1990 నుంచి 2010కి మార్చారు, అంతే. 1990లో ఆ దేశంలో సెల్‌ఫోన్ వ్యాపారం లేదు, నాలీవుడ్ సినిమాల జోరు లేదు. వాటి సంపాదన ఈ మార్పుతోనే లెక్కకెక్కింది. ఇది మోసం కాదు, ఎప్పుడో జరగాల్సిన సవరణ. కానీ దానివల్ల ఖజానాకు ఒక్క నైరా (నైజీరియా కరెన్సీ) కూడా అదనంగా రాలేదు. జీడీపీ పెరిగేసరికి దాని పక్కన అప్పు మాత్రం చిన్నదిగా కనబడింది. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది: ఇంకా అప్పు చేయాలనిపిస్తుంది. ఘనా 2010లో ఇలాగే సవరించి జీడీపీని 60 శాతం పెంచి చూపింది, మధ్యాదాయ దేశం అనిపించుకుంది. అదే ఘనా 2022 డిసెంబరులో విదేశీ అప్పుల్లో చాలావాటికి చెల్లింపులు ఆపేసింది.

ఇక మారకం రేటు. 2023 జూన్‌లో నైజీరియా నైరాను మార్కెట్‌కు వదిలేసింది. డాలరుకు 460 నైరాల దగ్గరున్న అధికారిక రేటు ఏడాది తిరక్కుండానే 1,500కు పోయింది. ఐఎంఎఫ్ 2024 అంచనాల్లో నైజీరియా దక్షిణాఫ్రికా, ఈజిప్టు, అల్జీరియాల వెనక నాలుగో స్థానానికి జారింది. విచిత్రమేమిటంటే 2023, 2024 రెండేళ్లూ అక్కడ ఉత్పత్తి తగ్గలేదు, పెరిగింది. డాలర్లలో కొలిచినప్పుడే దేశం కుంచించుకుపోయింది. 2025లో ఆధార సంవత్సరాన్ని 2019కి మార్చగానే జీడీపీ అంకె మళ్లీ పెరిగింది. కొనుగోలు శక్తి ప్రకారం చూస్తే ముందున్నది ఈజిప్టు. తలసరి ఆదాయం చూస్తే వరుస మొత్తం తారుమారు.

లెక్కల గొడవ మనకెందుకు అనుకోవద్దు. నెలకు 5 లక్షల నైరాల జీతానికి ఒప్పుకున్న మనిషికి పాత రేటున వెయ్యి డాలర్లకు పైగా వచ్చేవి. 1,500 రేటున 333 డాలర్లే. ఇంటికి పంపే డబ్బు మూడో వంతుకు పడిపోయినా ఇక్కడ అప్పు వాయిదా తగ్గదు. వ్యాపారులకైతే డబ్బు బయటికి రావడమే కష్టం. టికెట్ల సొమ్మును డాలర్లుగా మార్చి తెచ్చుకోలేక ఎమిరేట్స్ 2022లో నైజీరియాకు విమానాలు ఆపేసింది. ఐఎంఎఫ్ లెక్కల్లో ఆ ఏడాది ఖండంలో మొదటి ర్యాంకు నైజీరియాదే!

పత్రికలకు, టీవీలకు ఒక విన్నపం. దేశాల పట్టిక వేసేటప్పుడు ఏ రేటున మార్చారో, ఆధార సంవత్సరం ఏదో పక్కనే వేయండి. అవి లేని పట్టిక జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది.

ప్రయాణానికి సిద్ధమవుతున్నవారు జీతం ఏ కరెన్సీలో ఇస్తారో, ఇంటికి ఏ బ్యాంకు ద్వారా పంపవచ్చో, రేటు పడితే జీతం సవరిస్తారో లేదో కాగితం మీద రాయించుకోండి. సరుకు పంపేవారు అరువు గడువు తగ్గించండి. ఎగుమతి రుణ బీమా లేకుండా సరుకు ఓడెక్కించకండి.