సాక్షి చేతిలో మొదటి రాయి

యెజ్రెయేలీయుడైన నాబోతు ద్రాక్షతోట కథ మనకు సండేస్కూలు నాటి నుంచీ తెలిసిందే. అహాబు రాజు ఆ తోటను ఆశించాడు. పిత్రార్జితాన్ని ఇవ్వనన్నాడు నాబోతు. యెజెబెలు రాణి అతన్ని చంపించింది. అయితే ఎలా చంపించిందన్నది మనం అంతగా పట్టించుకోం. రాజు పేరిట ఉత్తరాలు రాసి, రాజముద్ర వేసి ఊరి పెద్దలకు పంపింది. ఉపవాసదినం చాటించమంది. నాబోతు దేవుణ్ణీ రాజునూ దూషించాడని ఇద్దరు పనికిమాలిన మనుషుల చేత చెప్పించింది (1 రాజులు 21). ఉపవాసముంది, పెద్దలున్నారు, ధర్మశాస్త్రం అడిగిన ఇద్దరు సాక్షులూ ఉన్నారు. లేనిదల్లా నిజమే. అనని మాటకు నాబోతు రాళ్లదెబ్బలతో చనిపోయాడు.

ఈ రోజుల్లో ఉత్తరానికి రాజముద్ర కూడా అక్కర్లేదు. 2018 జూలైలో కర్ణాటకలోని బీదర్ జిల్లాలో హైదరాబాద్ యువ ఇంజనీరు ఒకర్ని పిల్లల్ని ఎత్తుకెళ్లేవాడని జనం కొట్టి చంపారు. అతని బృందం దారిలో పిల్లలకు చాక్లెట్లిచ్చింది, అదే నేరమైంది. వాళ్ల కారు కన్నా ముందే వాట్సాప్ కబురు పక్క ఊరు చేరింది. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన ‘కిడ్నాప్’ వీడియో ఒకటి నిజానికి పిల్లల భద్రత కోసం కరాచీలో తీసిన అవగాహన చిత్రం. చివర్లో పిల్లవాణ్ణి తిరిగి దింపే భాగాన్ని ఎవరో కత్తిరించేశారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డులను ఒకసారికి ఐదింటికి పరిమితం చేసింది. ఐదుగురికి పంపితే అబద్ధం నిజమవుతుందా, అది వేరే సంగతి!

విశ్వాసులం గనుక మనకిది అంటదనుకుందామా? అఫ్ఘానిస్తాన్‌లో రేపు మిషనరీలకు మరణశిక్ష, ప్రార్థించి అందరికీ పంపండి అనే సందేశం క్రైస్తవ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. 2007లో తాలిబాన్లు అక్కడ 23 మంది దక్షిణ కొరియా క్రైస్తవులను బంధించి ఇద్దర్ని చంపడం నిజం. మిగిలినవారు ఆ ఏడాదే విడుదలయ్యారు. సందేశంలోని శిక్ష మాత్రం ఎవరూ వేసింది కాదు. అయినా అందులోని ‘రేపు’ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. ప్రార్థన మంచిదే కదా అంటారు. యెజెబెలు చాటించిందీ ఉపవాసమే!

కాదంటే, మాట్లాడే స్వేచ్ఛ లేదా అంటారు. ఉంది, ఉండాలి కూడా. ఆ స్వేచ్ఛ కోసమే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చర్చ, వాదన ఎంత నచ్చకపోయినా వాటికి రక్షణ ఉందని, రెచ్చగొట్టినప్పుడే చట్టం అడ్డుపడాలని చెప్పింది. కొట్టేసిన సెక్షన్ కిందే పోలీసులు కేసులు పెడుతుంటే 2022లో మళ్లీ ఆపమనాల్సి వచ్చింది. కోర్టు తీర్పు తప్పనడం అభిప్రాయం. ఫలానా వ్యక్తి ఫలానా నేరం చేశాడనడం సాక్ష్యం. మరణశిక్ష పడితే మొదటి రాయి సాక్షే వేయాలంది మోషే ధర్మశాస్త్రం (ద్వితీ. 17:7). సాక్ష్యం అబద్ధమని తేలితే ఎదుటివాడికి తలపెట్టిన శిక్షే సాక్షికి పడుతుంది (19:19). ఫార్వర్డు చేసే వేలికి ఆ బరువేమీ తెలియదు.

న్యాయాధిపతులు బాగా విచారించాలని కూడా అక్కడే ఉంది. యెజ్రెయేలు పెద్దలు నాబోతు ఊరివాళ్లే, అతన్ని ఎరిగినవాళ్లే. ఉత్తరం అందాక ఒక్కరూ నోరు విప్పి అడిగినట్టు వాక్యంలో లేదు. నాబోతు చచ్చాడని యెజెబెలుకు తిరుగు కబురు మాత్రం పంపారు.