చెప్పుకు చోటుంది, కుట్టినోడికి లేదు

తొమ్మిదో తరగతి పిల్లలకు రామప్ప గుడి బొమ్మలు చూపిస్తుంటే, అల్లూరు దళితవాడ పిల్ల ఒకతి లేచి అడిగింది: "సార్, ఈ రాతిబొమ్మ కాళ్ళకు చెప్పులుండాయే! గుళ్ళోకి చెప్పులు రానిస్తారా?" క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ములుగు జిల్లా పాలంపేటలోని ఆ గుడిని 1213లో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. నక్షత్రం ఆకారంలో ఎత్తయిన అరుగు. ఎర్రరాతి గోడలు, నల్లరాతి బొమ్మలు. పునాది గుంతలో ఇసుక నింపి, దాని మీద అంత బరువూ నిలబెట్టారు. పైన శిఖరానికి వాడిన ఇటుక నీళ్ళల్లో వేస్తే తేలుతుంది. బరువు తగ్గించేందుకు చేసిన ఉపాయం అది. చూరు కింద నల్లరాతి ఆడబొమ్మలు. వాటిలో ఒకామె మడమ ఎత్తు చెప్పులు తొడుక్కుని నిలబడింది. 2021 జులైలో యునెస్కో ఈ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గొప్ప పనే. కాదనం.

కానీ అడగాల్సింది అడుగుదాం. చెప్పులు కుట్టే చెయ్యి లేకుండా ఆ శిల్పి చెప్పులు ఎక్కడ చూశాడు? అదే గుడి గోడల మీద మద్దెల వాయించేవాళ్ళున్నారు. చచ్చిన గొడ్డు తోలు ఒలిచి, ఊరబెట్టి, ఆరబెట్టి ఇచ్చినోళ్ళు లేకపోతే మద్దెల మోగుతుందా? గుడి గోడ మీద చెప్పుకు చోటుంది, మద్దెలకు చోటుంది. చెప్పు కుట్టినోడికి, తోలు ఒలిచినోడికి మాత్రం గడప బయటే చోటు. అదే చెప్పు కాళ్ళకేసుకుని పెద్దోళ్ళ వీధిలో నడిస్తే మన తాతలను తన్నారు. రాతి కాలికున్న మర్యాద రక్తమున్న కాలికి లేకపాయె!

శాసనంలో కట్టించినోడి పేరుంది, వాళ్ళ వంశం పొగడ్త ఉంది. రామప్ప అనేది శిల్పి పేరని జనం చెప్పుకుంటారు. అంటే రాయి చెక్కినోడి పేరు జనం నోట్లో బతికింది. మరి రాళ్ళు లాగినోళ్ళు, ఇటుక కాల్చినోళ్ళు, పక్కనే ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్న రామప్ప చెరువుకు మట్టి మోసినోళ్ళు? వాళ్ళ పేర్లు ఏ రాతి మీదా లేవు.

రుజువు లేకుండా "ఆ గుడి మేమే కట్టాం" అని గొప్పలకు పోవద్దు. అబద్ధపు చరిత్ర రాయడం వాళ్ళ పని, మనకెందుకు? చెమట లేకుండా రాయి కదలదు, ఆ చెమటకు కులం అంటగట్టి గడప బయట నిలబెట్టారు. మన వాదానికి ఈ నిజం చాలు.

ఇది పాత కథేనా? 1930లో నాసిక్ కాలారాం గుడి ముందు బాబాసాహెబ్ సత్యాగ్రహం చేయించింది దేవుడి దయ కోసం కాదు, మనిషి హక్కు కోసం. మన నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడే, 1947లో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది. 1950లో రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1989 అట్రాసిటీ చట్టాన్ని 2015లో సవరించి, అందరికీ తెరిచిన గుళ్ళోకి మనల్ని రానివ్వకపోవడాన్నీ అందులో నేరంగా చేర్చారు. కాగితం మీద గడప ఎప్పుడో దాటాం. ఊళ్ళో దాటామా? చందాకు మన ఇంటికొచ్చే కమిటీ, తిరునాళ్ళ రోజు మనల్ని ఎక్కడ నిలబెడుతోంది?

దేవుణ్ణి నమ్మేవాళ్ళు లోపలికి పోండి, నమ్మనోళ్ళు పోవద్దు. అది ఎవరిష్టం వాళ్ళది. పోయేవాణ్ణి ఆపితే మాత్రం రాజీ కుదరదు. పెద్దమనుషుల పంచాయితీ వద్దు, పోలీసుస్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇంకో పని. ప్రతి వాడలో ముసలాళ్ళ దగ్గర కూర్చోండి. ఊరి చెరువు ఎవరు తవ్వారు, గుడికి రాళ్ళు ఎవరు మోశారు, డప్పు ఎవరు కట్టారు, అడిగి పేర్లు రాయండి. ఏప్రిల్ 14న అంబేద్కర్ బొమ్మ దగ్గర గట్టిగా చదవండి. రాతి మీద చోటివ్వకపోతే పాయె, కాగితం మన చేతిలో ఉంది. రాయడమూ వచ్చు.

జై భీమ్!