నాన్న కొట్టు తాళం

సూర్యాపేటలో తోపుడు బండి మీద కొన్న తాళంకప్ప ఒకటి ఎప్పుడూ నా లాప్‌టాప్ పక్కనే ఉంటుంది. ఆఫీస్ కాల్ సాగుతున్నప్పుడల్లా దాన్ని తీస్తుంటా, తాళంచెవి లేకుండా. (సొంత తాళాలే సుమా!) బీటెక్ చదివించింది ఇందుకేనా అని అమ్మ గొడవ.

లోపల పెద్ద మాయేం లేదు. స్ప్రింగులు నొక్కిపెట్టిన నాలుగైదు జతల పిన్నులు. కొంచెం తిప్పిపట్టి ఒక్కోదాన్నీ లేపుతుంటే 'టిక్'మంటూ కుదురుకుంటాయి. చవక తాళాల్లో కొన్నిటికి అంత కష్టం కూడా అక్కర్లేదు. కూల్‌డ్రింక్ డబ్బా రేకుముక్క కడ్డీ పక్కన దూరితే చాలు, లోపలి గడియ పక్కకు జరుగుతుంది. ఖరీదైనవీ తక్కువేం తినలేదు. 1851లో లండన్‌లో హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరన్న బ్రామా తాళాన్ని తీసేశాడు. కాకపోతే 51 గంటలు పట్టింది.

మొన్న దసరాకి కోదాడ వెళ్లినప్పుడు నాన్న కొట్టు తాళం తీసి చూపించా. నిమిషం పట్టలేదు. మెచ్చుకుంటాడనుకున్నా. తాళం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "పదేండ్ల సంది దీన్ని నమ్ముకునేనారా మనం పండుకున్నది?" అన్నాడు.

ఆ రాత్రి రెండుసార్లు లేచి కొట్టుదాకా పోయొచ్చాడు.

తెల్లారి మిర్యాలగూడలో అక్కోళ్లింటికి పోయి వస్తూ, కడ్డీని రెండువైపులా ఇనుప గోళీలు పట్టుకునే తాళం తెచ్చా. దానికి రేకు పనిచేయదు. నాన్న తాళంచెవి జేబులో వేసుకుని, "దీని జోలికి మాత్రం పోకు" అన్నాడు.

ఇంతవరకూ పోలేదు.