పాత జోడు గొట్టాల తుపాకీ: సుత్తి దెబ్బతో పోని లూజు

దక్షిణ బస్తర్‌లో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న గొల్లపల్లి లాంటి ఊళ్లలో నాగలి కర్రు అరిగితే కమ్మరి కొలిమే దిక్కు. ఎర్రగా కాల్చి, సాగగొట్టి, పదును పెడితే కర్రు మళ్లీ పొలానికి సిద్ధం. తాతల నాటి లైసెన్సు తుపాకీ మడత దగ్గర లూజైతే అదే వైద్యం చాలనుకోవడం మాత్రం ప్రమాదకరం. అక్కడ అరిగినది ఇనుమే అయినా, దాని మీద పడే భారం వేరు.

మధ్యకు మడిచి తూటాలు పెట్టే ఈ తుపాకీలో గొట్టాల కింద ఉక్కు కొక్కెం ఉంటుంది. అది ఒక ఇరుసును పట్టుకుని తిరుగుతుంది. మూసినప్పుడు గొట్టాల వెనక అంచు, ఎదురుగా ఉన్న ఉక్కు గోడకు సందు లేకుండా ఆనాలి. 12 బోర్ తూటా పేలితే పీడనం సుమారు 700 బార్లకు చేరవచ్చు. గొట్టం లోపలి వ్యాసం 18.5 మిల్లీమీటర్లు అనుకుంటే, గోడను వెనక్కి తోసే బలం రెండు టన్నుల బరువుకు దగ్గర. గోడతో పాటు గొట్టాలను వెనక్కి లాక్కురావలసింది ఆ కొక్కెం, ఇరుసులే. వాటి మధ్య ఖాళీ లేకపోతే అది లాగుడు. వెంట్రుకవాసి ఖాళీ ఉన్నా అది దెబ్బ. దెబ్బ ఖాళీని పెంచుతుంది, పెరిగిన ఖాళీ తర్వాతి దెబ్బను పెంచుతుంది. సందు మరీ ఎక్కువైతే తూటా అడుగుకు ఆసరా పోతుంది. అది చీలితే వేడి వాయువు వచ్చేది పేల్చినవాడి ముఖం మీదికే.

అరుగుదలకు 1953లో ఆర్చర్డ్ ఒక సూత్రం చెప్పాడు. భారం, జారిన దూరం పెరిగేకొద్దీ అరుగుదల పెరుగుతుంది. లోహం కాఠిన్యం పెరిగేకొద్దీ తగ్గుతుంది. పాత తుపాకుల్లో చాలావాటికి పైపొర మాత్రమే గట్టిది, లోపలి ఉక్కు మెత్తన. ఆ పొర పోయాక అరుగుదల వేగం పుంజుకుంటుంది. తేమకు పట్టిన తుప్పు ఇరుసు దగ్గర ఆకురాయి పొడిలా పనిచేస్తుంది. ఎన్నికలప్పుడు ఠాణాలో అప్పగించి, వారాల తర్వాత తెచ్చుకున్న తుపాకీకి ముందు కావలసింది శుభ్రమైన గుడ్డ, ఒక చుక్క నూనె.

కొక్కేన్ని సుత్తితో కొట్టి సాగదీస్తే లూజు ఆ పూటకు పోతుంది. కానీ సాగిన లోహం ఇరుసును మొత్తం తలంతో కాక ఒకటి రెండు చోట్ల మాత్రమే తాకుతుంది. భారమంతా ఆ చోట్లే పడి త్వరగా నలిగిపోతాయి. రేకు ముక్క దూర్చినా ఇదే గతి. గ్యాస్ వెల్డింగ్ ఇంకా చెడ్డది. ఆ వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది, గొట్టాలను కలిపిన టంకం కరుగుతుంది. మామూలు తగరం, సీసం టంకానికి 183 డిగ్రీల సెల్సియస్ చాలు.

సరైన పని నెమ్మదిది. ఇరుసు విడిగా వచ్చేదైతే కొంచెం లావు ఇరుసు వేస్తారు. చట్రంలోనే కలిసిపోయినదైతే కొక్కెం ముఖానికి కొత్త ఉక్కు ముక్క అమర్చాలి. తర్వాత దీపం మసి పూసి, మూసి తెరిచి, మసి చెరిగిన చోటే ఆకురాయితో గీకాలి. ఐటీఐ ఫిట్టర్లు ప్రష్యన్ బ్లూ రంగుతో చేసేది ఇదే. అంటే నైపుణ్యానికి పునాది దేశంలో ఉంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు తుపాకీ మరమ్మతు చేయకూడదు. ఆ లైసెన్సు అడిగేవాడికి ఈ పని వచ్చో రాదో పరీక్షించడం, మరమ్మతైన ప్రతి తుపాకీనీ ఎక్కువ పీడనపు తూటాలతో పరీక్షించడం ఖర్చే అయినా తప్పనిసరి చేయాలి.

కొత్త ఇరుసు వేసినా కొన్నిటిని కాల్చకూడదు. 65 మిల్లీమీటర్ల తూటాకు చేసిన పాత అరలో 70 మిల్లీమీటర్లది కూడా చక్కగా దూరుతుంది, ఎందుకంటే దాని మూతి మడిచి ఉంటుంది. పేలినప్పుడే ఆ మడత విప్పుకుంటుంది. అక్కడ చోటు చాలక పీడనం పెరుగుతుంది. లోపల తుప్పు గుంటలు పడిన గొట్టాలదీ ఇదే కథ. అలాంటి తుపాకీని ప్రభుత్వానికి అప్పగించడమో, చట్టప్రకారం పనిచేయకుండా చేయించి గోడకు తగిలించుకోవడమో మేలు.