దస్తర్‌ఖాన్ చుట్టే ముందు

2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. నామ్ నాజూకే గానీ, ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని కూల్చేసి ఊళ్లకు ఊళ్లనే రోజుల తరబడి చీకట్లో ఉంచింది. సుమ్మాదేవి చుట్టుపక్కల కంప్యూటర్ వాడేవాళ్లు కరెంటును పూరా నమ్ముకోలేరు. అది పోయాక యూపీఎస్ ఇచ్చే మోహలత్ కొన్ని నిమిషాలే. ఈలోపు షట్‌డౌన్ ఎక్కడో ఇరుక్కుంటే "లినక్స్ బేకార్ భాయ్" అనేస్తారు. నా రాయ్ వేరు. చాలాసార్లు కసూర్ మన ఇంతెజామ్‌దే.

దావత్‌లో ఒక్క మెహమాన్ తింటున్నా దస్తర్‌ఖాన్ చుట్టలేం కదా! డిస్కు సంగతీ అంతే. ఏదైనా ప్రోగ్రామ్ ఒక పార్టిషన్‌లోని లైబ్రరీని వాడుతున్నంతసేపూ లినక్స్ ఆ పార్టిషన్‌ను విడదీయదు, 'బిజీ' అంటుంది. ఆగమన్నా ఆగని సర్వీసు కోసం సిస్టమ్‌డి మామూలుగా 90 సెకన్లు సబర్ చేస్తుంది. నీరసించిన బ్యాటరీకి అది చాలా ఎక్కువ.

ఇంకో చిక్కుంది. ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని లైబ్రరీని అప్‌డేట్ చేస్తే, పాత ఫైలు పేరు చెరిగిపోతుంది గానీ, ప్రోగ్రామ్ దాన్ని వదిలేదాకా డిస్కులో జాగా ఖాళీ కాదు. అప్పటిదాకా ఆ పార్టిషన్‌ను 'చదవడానికి మాత్రమే' అన్న స్థితికి మార్చడం కుదరదు.

'యూఎస్ఆర్' డైరెక్టరీని వేరే పార్టిషన్‌లో పెట్టడం పాత రివాజ్. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో చిన్న డిస్కు నిండిపోయి, యూనిక్స్ రెండో డిస్కులోకి పొంగింది. అది మజ్‌బూరీ. ఒక డిస్కులోని ప్రోగ్రామ్‌కి ఇంకో డిస్కులోని లైబ్రరీ కావాల్సి వస్తే తెరవడమూ కష్టమే, మూయడమూ కష్టమే. అందుకే 2012లో ఫెడోరా 17 ప్రోగ్రాములనూ లైబ్రరీలనూ 'యూఎస్ఆర్' కిందికే చేర్చింది. ఇప్పుడు మన డిస్కులకు ఆ మజ్‌బూరీ లేదు. మరి ఆ రివాజ్ దేనికి?

నా మష్వరా ఇది. ఇంటి కంప్యూటర్‌లో 'యూఎస్ఆర్'ను విడదీయకండి. పిల్లల ఫైళ్ల హిఫాజత్ కోసం 'హోమ్'ను వేరుగా పెట్టుకోండి, చాలు. అప్‌డేట్లు కరెంటు నిలకడగా ఉన్నప్పుడే చేసి, వెంటనే రీస్టార్ట్ చేయండి. తుఫాను ఖబర్ వచ్చిన రోజు అప్‌డేట్ జోలికి పోవద్దు. జర్నల్ ఉన్న ఫైల్‌సిస్టమ్ తన లెక్కలు తాను సరిచేసుకుంటుంది గానీ, మీరు సేవ్ చేయని పాఠాన్ని వాపస్ తేలేదు.